ఫాలో స్పాట్ కొనేముందు టేపు పట్టండి

స్కూలు యానివర్సరీకి లైట్లవాళ్ళు స్టేజీ కట్టే తీరు ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా దాదాపు ఒకేలా ఉంటోంది. ముందువైపు ఇనుప ట్రస్‌కి వరసగా పార్ లైట్లు, పక్కల్లో షార్పీలు, వెనక పెద్ద ఎల్ఈడీ వాల్. ఇన్ని వెలుగుల మధ్య మైకు పట్టుకుని ముందుకొచ్చిన ఆరో తరగతి పాప ముఖం మాత్రం కనబడదు. వెనక వాల్ మీద సూర్యోదయమో, జాతీయ జెండానో ధగధగలాడుతుంటే దాని ముందు పాప నల్లటి బొమ్మలా నిలబడి ఉంటుంది. మర్నాడు వీడియో చూసుకున్న తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు. అప్పుడు కరెస్పాండెంట్ గారికి ఫాలో స్పాట్ సంగతి గుర్తుకొస్తుంది.

దాని పని వినడానికి చిన్నదే. స్టాండు మీద ఒక పొడవాటి లైటు, దాని వెనక ఒక మనిషి. స్టేజీ మీద ఎవరిని చూడాలో వాళ్ళ మీద గుండ్రటి వెలుగు వేసి, వాళ్ళు కదిలితే తనూ లైటు కదుపుతూ పోతాడు. ఈ అవసరం కరెంటు రాకముందు నుంచీ ఉన్నదే. కూచిపూడి భాగవతుల ఆటలో పాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీలు దగ్గరికి తెచ్చి, మంట మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపించేవాళ్ళు. లండన్‌లోని కోవెంట్ గార్డెన్ థియేటర్లో 1837లో ఆక్సిజన్, హైడ్రోజన్ మంటతో సున్నపు దిమ్మని తెల్లగా కాల్చి ఆ వెలుగుని స్టేజీ మీదికి పంపారు. ఆ తర్వాత వచ్చినవి కార్బన్ కడ్డీలు. మన సినిమా హాళ్ళ ప్రొజెక్టర్ గదుల్లో ఆపరేటర్లు కాలిపోతున్నకొద్దీ దగ్గరికి జరుపుతూ వచ్చిన కడ్డీల్లాంటివే ఫాలో స్పాట్లలోనూ మండేవి. అమెరికాలోని స్ట్రాంగ్ కంపెనీ చేసిన సూపర్ ట్రూపర్ ఎంత పేరు తెచ్చుకుందంటే, 1980లో స్వీడన్ పాటల బృందం ఆబా తమ పాటకి ఆ లైటు పేరే పెట్టింది. ఇప్పుడు కడ్డీలు పోయాయి. లైటు మాత్రం అదే పని చేస్తోంది.

కొనడానికి వెళ్తే దుకాణంలో జరిగే సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది.

"ఎన్ని వాట్లది కావాలి సార్?"

"మీరే ఏదో మంచిది చూపించండి."

"అయితే 350 తీసుకోండి. గ్రౌండ్ అవతలి గోడ దాకా కొడుతుంది."

గ్రౌండ్ అవతలి గోడతో మనకి పని లేదు. వాట్లు చెప్పేది ఆ లైటు తాగే కరెంటు లెక్క. దాంట్లోంచి ఎంత వెలుగు పిల్లవాడి ముఖం దాకా చేరుతుందన్నది లోపలి అద్దాల మీద, వెలుగు ఎంత సన్నగా బయటికి వస్తుందన్నదాని మీద ఆధారపడుతుంది. వెయ్యి వాట్ల పాత హాలోజెన్ లైటుని 300 వాట్ల మంచి ఎల్ఈడీ సులువుగా దాటిపోవచ్చు. అదే 300 అని అట్టపెట్టె మీద రాసిన నాసిరకం ఎల్ఈడీ దాని దగ్గరికి కూడా రాకపోవచ్చు. పైగా కొందరు అట్టపెట్టె మీద వేసేది లైటు నిజంగా తీసుకునే వాట్లు కాదు, లోపలి చిప్పు తట్టుకోగల వాట్లు. కాబట్టి ఆ అంకెని పక్కన పెట్టి ముందు మన హాలుని కొలుచుకోవాలి.

లైటు ఎక్కడ పెడతామో అక్కడి నుంచి స్టేజీ ముందుభాగం మధ్యదాకా ఎన్ని అడుగులు? కాగితం మీద అంచనా వద్దు, టేపుతోనే కొలవాలి. తరగతి గదుల మధ్య గోడలు తీసేసి చేసిన హాల్లో అది 35 అడుగులు ఉండొచ్చు. బాల్కనీ ఉన్న ఆడిటోరియంలో 60 నుంచి 80. గ్రౌండ్‌లో షామియానా వేసి, జనం వెనక మంచె కడితే 120 దాటుతుంది. ఒకే లైటు ఈ మూడు చోట్లకీ సరిపోదు. ఎందుకు సరిపోదో చూడ్డానికి చిన్న లెక్క ఒకటుంది.

ప్రతి లైటు వివరాల కాగితంలోనూ వెలుగు ఎన్ని డిగ్రీల కోణంలో విచ్చుకుంటుందో రాసి ఉంటుంది. దూరాన్ని ఆ డిగ్రీలతో గుణించి 57తో భాగిస్తే అంత దూరంలో వెలుగు వలయం వెడల్పు వస్తుంది. అడుగుల్లో కొలిస్తే అడుగుల్లోనే వస్తుంది. పెద్దవాళ్ళని తల నుంచి పాదాల దాకా కమ్మాలంటే దాదాపు 7 అడుగుల వలయం కావాలి, చిన్నపిల్లలకి 5 చాలు. ఇద్దరు కలిసి నాట్యం చేస్తుంటే 12 అడుగులు. ఇప్పుడు 60 అడుగుల హాలు తీసుకోండి. 7 అడుగుల వలయానికి ఆరున్నర డిగ్రీల పైచిలుకు, 12 అడుగులకి పదకొండున్నర డిగ్రీల దాకా కావాలి. అంటే 6 నుంచి 12 డిగ్రీల దాకా జూమ్ అయ్యే లైటు ఆ హాలుకి కొలిచి కుట్టించినట్టు ఉంటుంది.

అదే లైటుని 35 అడుగుల హాల్లో పెడితే ఎంత విప్పినా ఏడున్నర అడుగులు దాటదు. ఇద్దరు నాట్యగత్తెలుంటే ఒకరు చీకట్లో ఉండాల్సిందే. గ్రౌండ్‌లో 120 అడుగుల దూరాన పెడితే ఎంత బిగించినా 12 అడుగులకి తగ్గదు. ఒంటరిగా నిలబడి పద్యం పాడుతున్న పిల్లవాడి చుట్టూ అటు మొక్కల కుండీలు, ఇటు ముఖ్య అతిథి ఖాళీ కుర్చీ కూడా వెలుగుతుంటాయి.

"ఐరిస్ ఉంది కదా సార్, దాంతో చిన్నది చేసుకోవచ్చు" అంటాడు దుకాణదారు. నిజమే, చేసుకోవచ్చు. కానీ ఐరిస్‌కీ జూమ్‌కీ తేడా ఉంది, ఆ తేడా తెలియకే చాలామంది మోసపోతారు. ఐరిస్ అంటే లోపల రేకులతో చేసిన కన్ను. దాన్ని మూస్తే వలయం చిన్నదవుతుంది గానీ వెలుగు పెరగదు. బయటి అంచున ఉన్న వెలుగుని రేకులు ఆపేస్తాయి, అంతే. ఆగిన వెలుగు వేడిగా మారి ఆ రేకుల మీదే పడుతుంది. ఎక్కువసేపు సన్నగా మూసి ఉంచితే పాత రకం లైట్లలో రేకులు వంకర్లు పోయి బిగుసుకుపోతాయి. జూమ్ అంటే అద్దాల్ని ముందుకీ వెనక్కీ జరిపి ఉన్న వెలుగునే చిన్న వలయంలోకి పోగుచేయడం. చిన్నదైనకొద్దీ చిక్కనవుతుంది. దూరం ఎక్కువున్నచోట మనకి కావలసింది జూమ్. ఐరిస్ పని సవరింపు వరకే: పూర్తి మనిషి నుంచి ముఖం దాకా తగ్గించుకోవడానికి. చవక లైట్లలో జూమ్ అసలు ఉండదు, ఐరిస్‌నే జూమ్ అని చూపిస్తారు. పట్టుకోవడం కష్టం కాదు. వలయం చిన్నదవుతుంటే మధ్యలో వెలుగు పెరుగుతోందా లేదా అని గోడ మీద చూడండి.

ఇక వెలుగు లెక్క. కంపెనీ కాగితంలో ఫలానా దూరంలో ఇన్ని లక్స్ అని ఉంటుంది, అంటే అక్కడ పడే వెలుగు కొలత. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, పావు వంతవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. కాగితంలో 10 మీటర్ల దగ్గర 5,000 లక్స్ అని ఉందనుకోండి. మీ దూరం 20 మీటర్లయితే అది 1,250. 40 మీటర్లయితే 312 మాత్రమే. కాగితాల్లో 5 మీటర్ల అంకె ఘనంగా అచ్చువేసి ఊరుకునేవాళ్ళున్నారు. అలాంటప్పుడు పై లెక్కతో మన దూరానికి మార్చుకోవాలి. ఇంకో సంగతి, ఆ అంకె జూమ్ పూర్తిగా బిగించినప్పటిది. విప్పినకొద్దీ తగ్గుతుంది.

ఈ 1,250 లక్స్ చాలా తక్కువా? దాని పక్కన ఇంకేం వెలుగుతున్నాయో తెలియకుండా చెప్పలేం. స్టేజీ మీద మామూలు లైట్లతోనే పిల్లల ముఖం మీద 500 లక్స్ ఉంటే, ఫాలో స్పాట్ అంతకు రెట్టింపు, అంటే ఓ వెయ్యి అదనంగా వేస్తే తప్ప ప్రేక్షకుడి కన్ను అటు పోదు. ఫోన్లో లక్స్ కొలిచే యాప్‌లు దొరుకుతాయి. వాటి అంకెలు కచ్చితమైనవని నమ్మనక్కర్లేదు గానీ, ఒకే ఫోన్‌తో రెండు వెలుగుల్ని పోల్చడానికి పనికొస్తాయి. పాప నిలబడేచోట ఫోన్ తెరని లైట్లవైపు తిప్పి కొలిస్తే చాలు. మామూలు లైట్లే రెండు వేల లక్స్ దాకా పెట్టి ఊదరగొడుతున్న స్టేజీకి బడి కొనగలిగే ఏ ఫాలో స్పాటూ ఆనదు. పార్ లైట్లని సగానికి తగ్గించమని చెప్పడానికి మాత్రం ఖర్చేమీ ఉండదు.

ఎల్ఈడీ వాల్ సంగతి ఇంకా దారుణం. హాళ్ళలో పెట్టే అద్దె వాల్‌లు పూర్తి వెలుగులో తెల్లరంగు చూపిస్తే వెయ్యి నిట్ల దాకా పోతాయి (నిట్లంటే కంటికి కనిపించే మెరుపు కొలత). గ్రౌండ్‌లో పెట్టేవి దానికి నాలుగైదు రెట్లు. మనిషి ముఖం తనమీద పడిన వెలుగులో కొంతే తిప్పి పంపుతుంది. వెయ్యి లక్స్ పడిన చామనచాయ ముఖం మన కంటికి ఇచ్చేది వంద నిట్ల లోపే. అంటే వెయ్యి లక్స్ ఫాలో స్పాట్ కొని తెచ్చినా వెనకున్న గోడ ముఖం కంటే పది రెట్లు మెరుస్తూనే ఉంటుంది. ఏ లైటు కొన్నా ఈ పోటీలో గెలవదు. వాల్ నడిపే అబ్బాయి దగ్గర వెలుగు తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. ఐదో వంతుకి దించమనండి, వెనక తెల్లటి బొమ్మల బదులు ముదురు రంగులు వేయమనండి. అద్దెకి తెచ్చిన వాల్ పూర్తిగా మెరవకపోతే డబ్బులు దండగనుకునేవాళ్ళు మేనేజ్‌మెంట్‌లో ఒకరైనా ఉంటారు. వాళ్ళని ఒప్పించడం లైటు ఎంపిక కంటే కష్టమైన పని. అయినా ముందు అదే జరగాలి. తర్వాత కూడా ముఖం మీద వెలుగు చాలకపోతేనే కొనుగోలు మాట.

లైటు ఎక్కడ పెట్టాలన్నది చాలామంది ఆఖర్న ఆలోచిస్తారు. జనం వెనక నేల మీద స్టాండు వేసి కొడితే ముందు వరసల్లో లేచి తిరిగేవాళ్ళ తలలన్నీ స్టేజీ మీద నీడలవుతాయి. ఎదుటి పిల్లల కళ్ళలోకి సూటిగా కొట్టి, మెట్లు కనబడకుండా చేస్తుంది. నీడ సంగతి లెక్క వేసి చూద్దాం. 60 అడుగుల దూరంలో, పాప ముఖం కంటే 12 అడుగుల ఎత్తున లైటుందనుకోండి. వెలుగు వాలు 60 అడుగులకి 12, అంటే ఐదింట ఒక వంతు. నాలుగున్నర అడుగుల పాప వెనక పది అడుగుల దూరంలో ఫ్లెక్సీ ఉంటే, ఆ ఫ్లెక్సీ మీద రెండున్నర అడుగుల నల్లటి నీడ నిలబడి పాపతో పాటు అభినయం చేస్తుంటుంది. అదే లైటుని ముప్పై డిగ్రీల వాలు వచ్చేంత పైకి తీసుకెళ్తే నీడ ఎనిమిది అడుగుల లోపే నేల మీద పడి ఫ్లెక్సీ దాకా చేరదు. పాపని ఇంకో నాలుగడుగులు ముందుకి జరిపినా కొంత మేలే. కానీ తక్కువ ఎత్తు నుంచి కొడుతున్నప్పుడు అది సరిపోదు. ఫ్లెక్సీ నిగనిగలాడే రకమైతే వెలుగు దానిమీద తళుక్కున మెరుస్తుంది, నల్లగుడ్డ కడితే ఆ బాధ ఉండదు. బాల్కనీ ఉన్న హాలుకి బాల్కనీ, లేనిచోట గొట్టాలతో కట్టిన మంచె. మంచె అయితే నాలుగు పక్కలా కటకటాలు, కింద బరువులు తప్పనిసరి. పిల్లలు ఎక్కేది దానిమీదే.

లోపల వెలిగేది ఏమిటన్నదాంట్లో నాలుగు రకాలు కనిపిస్తాయి. హాలోజెన్ చవక. దాని వెలుగు 3,200 కెల్విన్ల దగ్గర వెచ్చగా ఉండి ముఖాలకి నప్పుతుంది, రంగుల్ని ఉన్నవున్నట్టు చూపిస్తుంది. స్విచ్ వేయగానే వెలుగుతుంది, డిమ్మర్‌తో మెల్లగా ఆరుతుంది. వేడి మాత్రం విపరీతం. 35, 40 అడుగుల చిన్న హాలుకి జూమ్ ఉన్న హాలోజెన్ ఫాలో, లేదా ఐరిస్ బిగించి స్టాండు మీద పెట్టిన మామూలు ప్రొఫైల్ లైటు కూడా గౌరవంగా పని నడిపిస్తుంది. దీని బల్బుని వేళ్ళతో ముట్టుకోకూడదన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. చేతి జిడ్డు అంటినచోట గాజు కాలి పగులుతుంది.

రెండోది డిశ్చార్జ్ దీపం. షార్పీల్లో వాడే 5ఆర్, 7ఆర్ దీపాలు ఈ జాతివే. బజార్లో తక్కువ ధరకి దొరికే ఫాలో స్పాట్లలో చాలావాటిలో ఇప్పుడు ఇవే పెడుతున్నారు. వెలుగు బాగా ఎక్కువ, చల్లటి తెలుపు. ఇది కరెంటుతో డిమ్ కాదు, ముందు రేకు మూసి వెలుగు ఆపాలి. మూడోది జెనాన్. పెద్ద స్టేడియంలకి తప్ప బడికి దీని పేరే ఎత్తకూడదు. చల్లగా ఉన్నప్పుడు కూడా ఆ బల్బులో వాయువు అధిక పీడనంతో ఉంటుంది. మార్చేటప్పుడు ముఖానికి కవచం, చేతులకి తొడుగులు వేసుకోవాలి. ఎవరో పాతది చవకగా ఇస్తున్నారని తెచ్చుకునేది అసలే కాదు. నాలుగోది ఎల్ఈడీ.

మన ఊళ్ళలో ఎల్ఈడీ వైపే మొగ్గాలని నేను అంటాను. దానికి అసలు కారణం దుకాణంలో చెప్పేది కాదు. దీపం యాభై వేల గంటలు మన్నుతుందని వాళ్ళు చెబుతారు. బడికి ఆ లెక్క అక్కర్లేదు. యానివర్సరీ, పంద్రాగస్టు, టీచర్స్ డే, ఒకటి రెండు పోటీలు, వాటి రిహార్సళ్ళు అన్నీ కలిపినా ఏడాదికి యాభై గంటలు వెలగదు. డిశ్చార్జ్ దీపం రెండు వేల గంటలే మన్నుతుందనుకున్నా అది నలభై ఏళ్ళ సరుకు. బడి లైట్లు దీపం అరిగి పోవు. ఏడాదంతా స్టోర్ రూమ్‌లో పడి ఉండటం వల్ల పోతాయి. ఫ్యాన్‌లో దుమ్ము చేరుతుంది, వైర్లని ఎలుకలు కొరుకుతాయి, స్విచ్‌కి చిలుము పడుతుంది.

అసలు కారణం కరెంటు. కార్యక్రమం మధ్యలో కరెంటు పోయి జనరేటర్ మీదికి మారడం అందరం చూసేదే. ఆ రెండు మూడు క్షణాల్లో డిశ్చార్జ్ దీపం ఆరిందంటే చల్లారిందాకా మళ్ళీ వెలగదు. ఐదు నిమిషాలు పట్టొచ్చు, పది కూడా పట్టొచ్చు. ఈలోగా ఝాన్సీ లక్ష్మీబాయి వచ్చి, యుద్ధం చేసి, ప్రాణాలు వదిలి, తెర పడిపోతుంది. ఎల్ఈడీ అయితే కరెంటు రాగానే క్షణాల్లో వెలుగుతుంది. 300 వాట్లే గనక దానికొక్కదానికీ మంచి ఇన్వర్టర్ తగిలించినా నడుస్తుంది. 1,200 వాట్ల పాత డిశ్చార్జ్ లైటు, దాని బరువైన చోక్ కలిపితే మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కి గండమే. 16 ఆంపియర్ల పవర్ పాయింట్ నుంచి వేరే లైను లాగాలి, అదీ లావు వైరుతో. కూలర్ కోసం తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్స్ దానికి పనికిరాదు.

ఎల్ఈడీకీ, డిశ్చార్జ్‌కీ ఉమ్మడిగా ఉన్న జబ్బు రంగు. ఈ లైట్లలో చాలావాటి తెలుపు ఆరు వేల కెల్విన్లు, ఆపైన. ఆ నీలితెలుపు మన ఒంటిచాయల మీద పడితే బూడిద పూసినట్టు ఉంటుంది. దానికి తోడు యానివర్సరీ రోజున పిల్లల ముఖాలకి పాన్‌కేక్, పౌడరూ దట్టంగా పట్టిస్తారు. స్టేజీ మీద మిగతా లైట్లు పసుపు కలిసిన తెలుపైతే ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దీనికి మందు చవక. లైటు ముందు కాషాయం ఛాయ జెలటిన్ కాగితం పెట్టడమే. సీటీవో అని అడిగితే ఇస్తారు. లీ కంపెనీ కాగితాల్లో 204 నంబరు పూర్తి మోతాదు, 205 సగం. నా ఓటు సగానికి. పూర్తిది ముఖాన్ని అందంగా చేస్తుంది గానీ వెలుగు బాగా తినేస్తుంది. తక్కువ శక్తి ఉన్న లైటుకి అంత త్యాగం కుదరదు. వెచ్చటి తెలుపు ఎల్ఈడీతోనే వచ్చే మోడల్ దొరికితే, వెలుగు కాస్త తక్కువైనా అదే తీసుకోండి. వివరాల కాగితంలో సీఆర్ఐ అనే అంకె 90 దాటితే పట్టుచీరల రంగులు ఉన్నవున్నట్టు కనిపిస్తాయి.

రంగు కాగితాలు పెట్టుకునే చక్రం లేదా మీటలు లైటులోనే ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా అన్నీ ఇస్తారు. వాటిలో బడికి పనికొచ్చేది ఒకటో రెండో. ముఖం మీద ఆకుపచ్చ వేస్తే హిరణ్యకశిపుడు తప్ప ఇంకెవరూ బాగుండరు. ఆ చక్రంలో ఒక గడిలో సీటీవో, ఇంకో గడిలో వలయం అంచుని మెత్తగా కరిగించే ఫ్రాస్ట్ కాగితం ఉంటే చాలు. నాట్యానికి అంచు కోసినట్టు ఉన్నా ఫరవాలేదు. నాటికలో ఆ గీత కంటికి గుచ్చుకుంటుంది.

చేతితో తిప్పే భాగాల మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, కొటేషన్లలో వీటి ప్రస్తావనే ఉండదు. వెలుగుని మెల్లగా సున్నా దాకా దించే మీట ఉండాలి. నాసి ఎల్ఈడీల్లో ఆఖరి అంచున వెలుగు టక్కున ఆరిపోతుంది. దేశభక్తి గీతం ముగింపులో ఆ ఒక్క టక్కు చాలు, హాల్లో నవ్వులు మొదలవుతాయి. లైటుని స్టాండు మీద ఒక వేలితో తోస్తే కదలాలి, వేలు తీస్తే ఆగిన చోటే ఆగాలి. ముందుకి వాలిపోయేది, వెనక్కి తూలేది వద్దు. ఇచ్చిన స్టాండు కాళ్ళు సన్నగా ఉంటే లైటు బాగున్నా బేరం ఆపండి. సన్నటి స్టాండు మీద ఆపరేటర్ చెయ్యి వణికితే అరవై అడుగుల అవతల వలయం అడుగు మేర ఊగుతుంది. ఫ్యాన్ మోత కూడా వినాలి. లైటు బాల్కనీలో వెనక వరస పక్కనే ఉంటుంది, అక్కడ కూర్చున్న నానమ్మకి మనవరాలి పద్యం వినబడాలి కదా.

డబ్బు కట్టేముందు లైటుని మీ హాలుకే తెప్పించండి. పగలు కాదు, చీకటి పడ్డాక. దుకాణం గోడ మీద పదడుగుల దూరంలో ఏ లైటైనా దేదీప్యమానంగానే ఉంటుంది. తెల్ల చొక్కా వేసుకున్న ఒకర్ని, ముదురు రంగు బట్టలేసుకున్న ఇంకొకర్ని స్టేజీ మీద నడిపించండి. వలయం మధ్య నుంచి అంచు దాకా వెలుగు సమంగా ఉందో, మధ్యలో మచ్చలా మండి చుట్టూ మసకబారిందో చూడండి. తర్వాత ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి వీడియో తీయండి. సగం వెలుగులో కూడా తీయండి. చవక ఎల్ఈడీలు వెలుగు తగ్గించడానికి చాలా వేగంగా ఆరి వెలుగుతుంటాయి. కంటికి తెలియదు గానీ వీడియోలో అడ్డగీతలుగా పాకుతుంటాయి. ఇవాళ యానివర్సరీ చూసే జనంలో సగానికి సగం ఫోన్ తెరలోంచే చూస్తున్నారు కాబట్టి ఈ పరీక్ష తప్పనిది. గంటసేపు ఆపకుండా వెలిగించి వెనక ఒళ్ళు ఎంత వేడెక్కిందో కూడా చూడండి.

అసలు కొనాలా అన్న ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు లేదు. సొంత ఆడిటోరియం ఉండి, ఏడాదిలో నాలుగైదుసార్లు తెర లేచే బడి కొనుక్కోవాలి. ఏటా ఒకే ఒక్కసారి గ్రౌండ్‌లో స్టేజీ కట్టే బడికి 120 అడుగులు కొట్టే లైటు కొనడం దండగ. లైట్లవాళ్ళ దగ్గరే అద్దెకి చెప్పి, దూరం ఇంత, వలయం ఇంత కావాలని కాగితం మీద రాసివ్వండి. ఏ మోడల్ తెస్తారో ముందే చెప్పించుకోండి. కొనేవాళ్ళు మాత్రం ఫ్యాన్, డ్రైవర్ బోర్డు లాంటి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో బిల్లుకి ముందే అడగాలి. పేరులేని దిగుమతి సరుక్కి రెండేళ్ళ తర్వాత బోర్డు దొరక్కపోతే అది బరువైన ఇనుప గొట్టమే.

లైటు వచ్చాక దాన్ని ఎవరు పట్టాలన్నది మిగులుతుంది. చాలా బళ్ళలో పీఈటీ సారుకో, వాచ్‌మన్‌కో అప్పగిస్తారు. నాటిక తెలిసిన పిల్లలు పడితే వచ్చే తేడా చూస్తే ఆ పని మళ్ళీ ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు. డైలాగు వాళ్ళకి ముందే తెలుసు, ఎవరు ఎటు నుంచి వస్తారో తెలుసు. ఎత్తడం, బిగించడం, ప్లగ్ పెట్టడం పెద్దవాళ్ళ పని. తిప్పడం పిల్లల పని. మొదట నేర్పాల్సింది గురి. చీకట్లో వలయం వెలిగించగానే అది మనిషి మీదే ఉండాలి, గోడ మీద వెలిగి వెతుక్కుంటూ రాకూడదు. విదేశీ థియేటర్లలో ఆపరేటర్లు టెలిస్కోపులకి బిగించే టెల్‌రాడ్ అనే గురి పరికరాన్ని లైటు పైన కట్టుకుంటారు. మనకి ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క చాలు. వలయాన్ని బాగా చిన్నది చేసి స్టేజీ మధ్యనున్న కుర్చీ మీద నిలిపి, గొట్టంలోంచి ఆ కుర్చీయే కనబడేట్టు టేపుతో అంటించాలి. ఆ తర్వాత లైటు ఆర్పి, రిహార్సల్ జరుగుతుంటే గొట్టంలోంచి మాత్రమే చూస్తూ మనిషి వెంట తిప్పడం సాధన చేయించాలి. కరెంటు ఖర్చు కూడా లేదు.

రెండోది, ముఖం ఎప్పుడూ వలయంలోనే ఉండాలి. పాదాలు పోతే పోనీ, తల తెగకూడదు. నడుస్తున్నవాళ్ళకి ముందువైపు కాస్త ఎక్కువ జాగా వదలాలి. ముందు జాగా ఉంటే వాళ్ళు వెలుగులోకి నడుస్తున్నట్టుంటుంది, లేకపోతే వెలుగుని తోసుకుంటూ పోతున్నట్టుంటుంది. వింగ్‌లో ఉన్న మాస్టారు "ఫాలో సిద్ధం" అన్నాక వేలు మీట మీదికి వెళ్ళాలి, "వెయ్" అన్నాక వెలగాలి. రెండు మాటల మధ్య ఊపిరి తీసుకునేంత వ్యవధి ఉంటే చాలు.

ఈ పనికి పదో తరగతి పిల్లల్ని పెట్టుకోకండి. యానివర్సరీ వచ్చేసరికి వాళ్ళకి ప్రీ ఫైనల్స్ ఉంటాయి, ఆ సాయంత్రం స్టడీ అవర్ నుంచి పంపరు. ఎనిమిదో తరగతిలో ఇద్దర్ని పట్టుకుంటే రెండు యానివర్సరీలు నడిపిస్తారు. తొమ్మిదికి వచ్చాక కింది తరగతి నుంచి ఇంకో ఇద్దర్ని పక్కన నిలబెట్టి నేర్పిస్తారు.